మూడు వానాకాలాలు చూసిన గిటార్: యమహా పసిఫికా 112వి

పాలకొల్లుకూ నరసాపురానికీ మధ్య కాలువ గట్టున ఉన్న మా ఊళ్లో ఆషాఢం దాటగానే తలుపులు ఉబ్బి గుమ్మాలకు పట్టేస్తాయి. మాఘమాసం వచ్చేసరికి అవే తలుపులు వదులై గాలికి కొట్టుకుంటాయి. వడ్రంగం చేసే మా నాన్నగారు కొత్త తలుపు బిగించేటప్పుడు ఈ తేడాకు తగిన సందు వదిలేవారు. చెట్టు కొట్టేసినా చెక్క నీళ్లు తాగడం మానదని ఆయన అనే మాట చిన్నప్పటినుంచీ నా చెవిన పడుతూనే ఉండేది. మొదటి ఎలక్ట్రిక్ గిటార్ కొన్నప్పుడు ఆ మాట గుర్తు రాక నష్టపోయాను; రెండోసారి దాన్ని మనసులో పెట్టుకుని కొన్నాను. ఆ రెండోది యమహా పసిఫికా 112వి. మూడు వానాకాలాలు, మూడు వేసవులు మా చర్చి సంగీత బృందంలో ప్రతి ఆదివారం, క్రిస్మస్ నెలలో దాదాపు ప్రతి రాత్రి దాన్ని వాయించిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను.

గిటార్ల మీద వచ్చే సమీక్షల్లో ఎక్కువ భాగం చల్లని పొడి దేశాల్లో, తేమను అదుపులో ఉంచిన గదుల్లో కూర్చుని చేసినవి. నాదం ఎంత తీయగా ఉంది, రంగు ఎంత బాగుంది అన్నవే వాటిలో ప్రధానంగా కనిపిస్తాయి. తణుకులోనో, రాజోలులోనో, అమలాపురంలోనో ఉన్నవారికి అంతకంటే ముందు తేలవలసిన విషయం వేరే ఉంది. ఈ వాద్యాన్ని ఎలా కట్టారు, ఏ చెక్కతో కట్టారు, అది వంగితే మన చేత్తో మనం సరిచేసుకోగలమా అన్నది అన్నిటికంటే ముందు చూసుకోవాలి. అందుకే ఇక్కడ నాదం గురించి కొంచెం, కట్టుబడి గురించి ఎక్కువ రాస్తున్నాను.

మొదట నష్టపోయిన సంగతి చెప్పాలి. ఎనిమిదేళ్ల కిందట ఒక పెద్ద ఊరి దుకాణంలో, ధర తక్కువని, నల్లగా మెరుస్తోందని ఒక గిటార్ కొన్నాను. ఆ కంపెనీ పేరుతో ఇక్కడ పని లేదు. పట్టీ తగిలించే మర ఊడిపోయి, కొత్త రంధ్రం వేద్దామని డ్రిల్లు పెట్టినప్పుడు బయటికి వచ్చిన పొడిలో చెక్క వాసన లేదు, జిగురు వాసన వచ్చింది. లోపల ఉన్నది ప్లైవుడ్. దానికైనా సర్దుకుపోవచ్చు, కానీ నెక్ (తీగలు సాగే పొడుగాటి కర్ర) మాటే వేరు. మొదటి వానాకాలం పూర్తికాకముందే అది ఒకవైపుకు మెలి తిరిగింది. లావు తీగల వైపు ఒక ఎత్తు, సన్న తీగల వైపు ఇంకో ఎత్తు. మెలి తిరిగిన నెక్‌ను లోపలి ఇనుప కడ్డీ బాగుచేయలేదు, ఎందుకంటే ఆ కడ్డీ వంపును సరిచేయగలదే గాని మెలికను కాదు. వేసవి రాగానే ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా బిగించిన లోహపు మెట్ల) చివర్లు చెక్క అంచు దాటి బయటికి పొడుచుకువచ్చి, ఎడమచేతి చూపుడువేలి పక్కన గీతలు పడేవి. అమ్మిన దుకాణంలో చూపిస్తే అది వాడకం లోపమని తేల్చేశారు.

అది వాడకం లోపం కాదు. గిటార్ కర్మాగారాల్లో చెక్కను బట్టీలో ఆరబెట్టి, అందులోని తేమను సాధారణంగా 6 నుంచి 8 శాతం వరకూ దించుతారు. గాలిలో తేమ 80 శాతం ఉండే చోట ఆ చెక్కను వదిలేస్తే, కాలక్రమాన అది సుమారు 16 శాతం దగ్గర స్థిరపడాలని చూస్తుంది. పైనున్న పాలిషు ఈ ప్రయాణాన్ని ఆలస్యం చేస్తుంది గాని ఆపలేదు. పైగా చెక్క నిడివిలో దాదాపు పెరగదు, అడ్డంగా పెరుగుతుంది, అడ్డంగానే తగ్గుతుంది. వేసవిలో ఫ్రెట్‌బోర్డ్ (ఫ్రెట్లు బిగించిన పలక) వెడల్పు వెంట్రుకవాసి తగ్గితే, లోహపు ఫ్రెట్ తగ్గదు కాబట్టి దాని కొస బయటపడుతుంది. బాగా ఆరిన, పొర నిలువుగా సాగిన, చేవ ఉన్న చెక్కతో నెక్ చేసి, ఫ్రెట్ల కొసలను ఆకురాయితో గుండ్రంగా అరగదీసిన కంపెనీకీ, పచ్చి చెక్కకు రంగు పూసి పంపిన కంపెనీకీ మన వేసవిలోనే తేడా బయటపడుతుంది.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే ఈ రోజు దుకాణంలో మనం చూసే దాదాపు ప్రతి ఎలక్ట్రిక్ గిటారూ 1950లలో అమెరికాలో స్థిరపడిన రెండు కట్టుబడుల్లో ఒకదాని సంతానమే. అంతకుముందు 1930ల మొదట్లోనే రికెన్‌బ్యాకర్ కంపెనీ అల్యూమినియంతో పోతపోసిన, ఒడిలో పెట్టుకుని వాయించే గిటార్‌కు అయస్కాంతపు పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే భాగం) తగిలించి అమ్మింది. దాని ఆకారం చూసి అందరూ దాన్ని పెనం అని పిలిచేవారు. భుజాన తగిలించుకుని వాయించే ఘన చెక్క గిటార్‌ను పెద్ద ఎత్తున తయారుచేసే పద్ధతి మాత్రం లియో ఫెండర్‌తో వచ్చింది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన మనిషి ఆయన. ఆయనకు గిటార్ వాయించడం రాదు. 1950లో బయటికి వచ్చి, మరుసటి ఏడు టెలీకాస్టర్ అనే పేరుతో స్థిరపడిన ఆయన గిటార్‌లో బాడీ ఒక పలక, నెక్ ఒక మేపుల్ కర్ర, రెంటినీ కలిపేది నాలుగు మరలు. రేడియోలో పాడైన భాగం తీసి కొత్తది వేసినట్టే గిటార్‌లోనూ చేయగలగాలని ఆయన ఆలోచన. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌లోనూ ఇదే పద్ధతి.

గిబ్సన్ మార్గం వేరు. 1902 నుంచి మిషిగన్‌లోని కలమజూలో మాండొలిన్లు, గిటార్లు చేస్తున్న ఆ కంపెనీ 1952లో లెస్ పాల్ మోడల్ తెచ్చినప్పుడు తన వడ్రంగపు సంప్రదాయాన్ని వదలలేదు. మహాగని బాడీ మీద వంపు తిరిగిన మేపుల్ పలక అతికించి, నెక్ కొసను బాడీలో తొలిచిన గాడిలో దింపి జిగురుతో శాశ్వతంగా కూర్చింది. నెక్ చివరి తల వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు దగ్గర చెక్క పొర అడ్డంగా తెగుతుంది కాబట్టి కింద పడినప్పుడు సాధారణంగా విరిగేది అక్కడే. పొడవులోనూ తేడా ఉంది. ఫెండర్ తీగ నిడివి 648 మిల్లీమీటర్లు, గిబ్సన్‌ది 628 చిల్లర. పొట్టి నిడివిలో తీగ కొంచెం మెత్తగా ఉంటుంది, పొడవు నిడివిలో బిగువుగా, స్పష్టంగా పలుకుతుంది.

ఈ రెండు కట్టుబడుల్లో ఏది గొప్పది అన్న వాదనలోకి నేను వెళ్లను. జిగురు పెట్టిన నెక్ ఉన్న మంచి గిటార్ చేతిలోకి తీసుకుంటే మడమ (నెక్ బాడీతో కలిసే చోటు) దగ్గర అతుకు తెలియదు, నాదం ఎక్కువసేపు నిలుస్తుందని వాయించేవారు చెబుతారు. ఆ పనితనం ముందు వడ్రంగి కొడుకుగా నాకు గౌరవం ఉంది. అయితే నెక్ కోణం తప్పితే దాన్ని ఆవిరితో వదులు చేసి ఊడదీసి మళ్లీ అతికించగల మనిషి మన రెండు గోదావరి జిల్లాల్లో నాకు ఇంతవరకూ తారసపడలేదు. నాలుగు మరల నెక్ అయితే, దాని మడమ కింద సన్నని రేకు ముక్క పెట్టి కోణం మార్చడం ఒక ఆదివారం మధ్యాహ్నం పని. మన వాతావరణంలో మరల నెక్ కొనాలన్న నా తీర్పు నాదం మీద ఆధారపడినది కాదు, మరమ్మతు మీద ఆధారపడినది.

వీణ గురించి తెలిసినవారికి ఈ చర్చ కొత్తగా ఉండదు. బొబ్బిలిలో, నూజివీడులో వీణ చేసేవారు పనస దుంగను తొలిచి కుండను, దండిని మలుస్తారు. ఒకే దుంగలో నుంచి వచ్చిన వీణకు అతుకు ఉండదు కాబట్టి దానికి విలువ ఎక్కువ. గిటార్‌లోనూ నెక్ కర్రే బాడీ చివరిదాకా సాగే పద్ధతి ఒకటుంది; 1957లో రికెన్‌బ్యాకర్ తెచ్చిన 4000 బేస్ ఆ పద్ధతిలో చేసినదే. కానీ వీణకు ఒక సౌలభ్యం ఉంది. దాని 24 మెట్లనూ మైనంలో నిలబెడతారు; రుతువు మారి స్వరం తప్పితే మైనం కరిగించి మెట్లను మళ్లీ సర్దవచ్చు. గిటార్‌లో మెట్లు చెక్కలో కోసిన గాడుల్లోకి దిగగొట్టి ఉంటాయి, కదలవు. ప్రతి మెట్టుకూ మిగిలిన నిడివిని సుమారు 1.0595తో భాగిస్తూ పోయే లెక్క ప్రకారం, 648 మిల్లీమీటర్ల తీగ మీద మొదటి ఫ్రెట్ 36.4 మిల్లీమీటర్ల దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో, 324 దగ్గర పడాలి. ఈ గాడులు కోయడంలో వెంట్రుకవాసి తప్పినా ఆ గిటార్ జీవితాంతం అపశ్రుతి పలుకుతుంది. చౌక గిటార్లలో కూడా ఈ రోజు ఈ తప్పు అరుదుగా కనిపించడానికి కంప్యూటర్ నడిపే కోత యంత్రాలే కారణం. ఎక్కువగా ఇప్పటికీ మనిషి కూర్చుని చేయవలసినది ఫ్రెట్ల తలలన్నిటినీ ఒకే ఎత్తుకు అరగదీసి, మళ్లీ గుండ్రం చేసి, కొసలు నున్నగా చేయడం. గిటార్ ధరలో తేడా చాలావరకూ ఈ చేతి గంటల్లోనే ఉంటుందని నా నమ్మకం.

ఇక పసిఫికా విషయానికి వస్తాను. యమహా చరిత్ర 1887లో హమామత్సులో తోరకుసు యమహా ఒక రీడ్ ఆర్గన్ బాగుచేయడంతో మొదలైంది. ఎలక్ట్రిక్ గిటార్లు చేయడం 1966లో మొదలుపెట్టారు. పసిఫికా శ్రేణి 1990లో వచ్చింది. కాలిఫోర్నియాలోని వారి డిజైన్ బృందం గీసిన ఆకారం అది. నా చేతిలో ఉన్న 112వి ఇండోనేషియాలో తయారైంది. స్ట్రాటోకాస్టర్ బాటలోనే నడిచిన గిటార్: ఆల్డర్ బాడీ, నాలుగు మరలతో బిగించిన మేపుల్ నెక్, రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డ్, 22 ఫ్రెట్లు, 648 మిల్లీమీటర్ల నిడివి. పికప్‌లు మూడు: నెక్ దగ్గర, మధ్యలో ఒంటి చుట్ట పికప్‌లు (ఒకే రాగి చుట్ట ఉన్నవి), బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) దగ్గర హంబకర్ (రెండు చుట్టలున్నది). టోన్ బొత్తాన్ని పైకి లాగితే ఆ హంబకర్ కూడా ఒంటి చుట్టలా పనిచేస్తుంది.

ఆల్డర్ ఉత్తర అమెరికా పసిఫిక్ తీరపు చెట్టు. ఫెండర్ కంపెనీ మొదట్లో యాష్ చెక్క వాడి, 1956 ప్రాంతంలో ఎక్కువ రంగుల గిటార్లకు ఆల్డర్‌కు మారింది. తేలిక, రంగు నున్నగా పడుతుంది, కోత యంత్రం కింద అంచులు చిట్లవు. నాన్నగారి చేతికి ఈ గిటార్ ఇచ్చినప్పుడు ఆయన వాయించమని అడగలేదు. నాలుగు మరలు విప్పించి, నెక్ తీయించి, గాడిలో రంగు పడని చోట గోటితో నొక్కి చూశారు. మన మామిడి కంటే నయం, టేకు ముందు మాత్రం నిలవదు అన్నారు. నెక్‌ను కంటి ఎత్తుకు ఎత్తి, ఒక కన్ను మూసి, తలకట్టు (నెక్ చివరి తల) వైపు నుంచి మడమ దాకా పొర ఎటు పోయిందో చాలాసేపు చూశారు. పొర పక్కకు జారకుండా తలదాకా తిన్నగా వెళ్లిందని, ఈ కర్ర ఏరిన మనిషికి పని తెలుసని చెప్పి తిరిగి ఇచ్చారు. నాకు ఆ మాట ఏ సమీక్ష కంటే ఎక్కువ.

ఫ్రెట్‌బోర్డ్ గురించి ఒక విషయం మనవాళ్లకు తెలియాలి. ప్రపంచమంతా రోజ్‌వుడ్ అంటూ గిటార్లకు వాడే చెక్కలో ప్రధానమైనది మన దేశపు చెట్టే. మన్యంలో దాన్ని జిట్రేగి అని, ఇరుగుడు అని పిలుస్తారు. 2017 జనవరి నుంచి ఆ జాతి చెట్లన్నిటి కలప ఎగుమతిపై అంతర్జాతీయ ఒప్పందం కింద అనుమతి పత్రాలు తప్పనిసరి అయ్యాయి. దాంతో ఫెండర్ తన మెక్సికో గిటార్లలో కొన్నిటికి పావ్ ఫెర్రో అనే దక్షిణ అమెరికా చెక్కకు మారింది. 2019 నవంబరులో తయారైన వాద్యాలకు మినహాయింపు ఇచ్చాక ఇబ్బంది కొంత తగ్గింది. సహజమైన నూనె ఉన్న చెక్క కాబట్టి రోజ్‌వుడ్‌కు పాలిషు వేయరు. మన చెమటకు, మన తేమకు అది బాగా ఓర్చుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు తుడిచి, తగిన నూనె నాలుగు చుక్కలు రాస్తే చాలు.

నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. 1920ల మొదట్లో గిబ్సన్‌లో పనిచేసిన థడియస్ మెక్‌హ్యూ దీనికి పేటెంట్ పొందారు. సన్న తీగల సెట్ కూడా ఆరూ కలిపి సుమారు 38 కిలోల బలంతో నెక్‌ను ముందుకు లాగుతుంటాయి; ఆ లాగుడుకు ఎదురు నిలవడమే ఈ కడ్డీ పని. మొదటి ఏడు అక్టోబరులో, తుపాను వానలు వారంపాటు విడవకుండా కురిసిన తర్వాత, ఒక రాత్రి గిటార్ తీస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగలు పైకి లేచినట్టు వేళ్లకే తెలిసింది. మొదటి ఫ్రెట్ మీద ఒక వేలు, చివరి ఫ్రెట్ మీద ఒక వేలు నొక్కిపెట్టి, మధ్యలో తీగకూ ఫ్రెట్‌కూ ఉన్న సందులో ఇంట్లో ఉన్న ఒక పెళ్లి శుభలేఖ అట్టను దూర్చి చూశాను. మామూలుగా ఒరుసుకుంటూ పోవలసిన అట్ట వదులుగా ఆడింది. తలకట్టు దగ్గర హెక్స్ కీ పెట్టి గడియారం ముల్లు తిరిగే దిశలో పావు చుట్టు తిప్పి, తీగలు మళ్లీ శ్రుతి చేసి, రాత్రంతా వదిలేశాను. తెల్లవారి చూస్తే అట్ట మళ్లీ ఒరుసుకుంది. ఫిబ్రవరిలో అదే పావు చుట్టు వెనక్కి తిప్పాను. మూడేళ్లుగా ఇది ఏడాదికి రెండుసార్లు చేసే పని, దాళ్వాకూ సార్వాకూ చేను సిద్ధం చేసినట్టు. ఇది ఈ గిటార్ లోపం కాదు. మేపుల్ చెక్క మన గాలికి సర్దుకుంటున్న తీరు. మెచ్చుకోవలసినది ఏమిటంటే, కడ్డీ మెత్తగా తిరుగుతుంది, తిప్పినంత మేరకే నెక్ కదులుతుంది, మెలిక మాత్రం ఇంతవరకూ రాలేదు. పావు చుట్టుకు మించి ఒక్కసారి తిప్పకూడదన్నది కొత్తవారికి నా గట్టి సూచన. కడ్డీ మర తెగితే ఆ నెక్ వృథా.

వేసవిలో ఫ్రెట్ల కొసలు? రెండో ఏడు మే నెలలో ప్రత్యేకంగా వేలు రాసి చూశాను. ఏదీ తగలలేదు.

నాదం సంగతి చెప్పే ముందు పికప్ అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో వచ్చే పెద్ద ఫిర్యాదు దానితోనే ముడిపడి ఉంది. అయస్కాంతాల చుట్టూ మన తల వెంట్రుక మందమున్న రాగి తీగను సుమారు ఎనిమిది వేల చుట్లు చుడితే ఒక పికప్ అవుతుంది. ఉక్కు తీగ దాని పైన కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం కదిలి, చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. యాంప్లిఫయర్ దాన్ని పెద్దది చేస్తుంది. కానీ ఆ చుట్టకు తీగ కంపనమేదో, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్, ట్యూబులైటు చోకు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ కరెంటు గోలేదో తేడా తెలియదు. రెంటినీ పట్టుకుంటుంది. అందుకే ఒంటి చుట్ట పికప్ గుంయ్‌మంటుంది. గిబ్సన్‌లో సెత్ లవర్ అనే ఇంజనీరు 1955లో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన హంబకర్‌లో రెండు చుట్టలు ఉంటాయి. చుట్టిన దిశ, అయస్కాంతపు ధ్రువం రెండూ ఒకదానికొకటి ఎదురు. తీగ నాదం రెంటిలోనూ కలిసి పెరుగుతుంది, బయటి గోల ఒకదానినొకటి కొట్టేసుకుంటుంది. 1957 నుంచి గిబ్సన్ గిటార్లలో ఇది వచ్చింది.

పసిఫికా 112విలో రెండు రకాలూ ఉండడం మన ఊళ్లకు పెద్ద మేలు. ప్రార్థన సమయంలో మెల్లగా వేళ్లతో మీటేటప్పుడు నెక్ పికప్ గంట మోగినట్టు తేటగా పలుకుతుంది. బహిరంగ సభల్లో జనరేటర్ పక్కనే స్టేజీ వేసి, సీరియల్ లైట్లన్నీ వెలిగించిన చోట మాత్రం ఒంటి చుట్ట పనికిరాదు. అప్పుడు అయిదు స్థానాల స్విచ్‌ను హంబకర్ వైపు నెడితే గోల దాదాపు మాయమవుతుంది. ఆ హంబకర్ నాదం కొంచెం ముతక, మధ్య స్వరాలు ముందుకు తోసుకొస్తాయి. టోన్ బొత్తం మూడొంతులకు తగ్గించుకుని వాడుతున్నాను. కీబోర్డు, తబలా, ప్యాడ్ల మధ్య గిటార్ వినబడాలంటే ఆ ముతకదనమే అక్కరకు వచ్చిందని కూడా చెప్పాలి.

గోలలో ఇంకో రకం ఉంది, దాని తప్పు వెంటనే గిటార్ మీద వేయకూడదు. తీగల మీద చెయ్యి పెడితే తగ్గి, తీస్తే పెరిగే కరకర శబ్దం వస్తోందంటే ఆ ఇంటి ఎర్త్ సరిగా లేకపోవడం కూడా ఒక కారణం కావచ్చు. మా చర్చిలో మూడు పిన్నుల ప్లగ్గులున్నా మూడో పిన్ను వెనక తీగే లేదని చాలా కాలం ఎవరికీ తెలియలేదు. పాడేటప్పుడు పెదవి మైకుకు తగిలితే చిమచిమలాడేది, దాన్ని అందరం మామూలే అనుకున్నాం. అది మామూలు కాదు, ప్రాణాపాయం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, గొయ్యి తీయించి, ఉప్పు, బొగ్గు వేసి ఎర్త్ పైపు దింపించాక చిమచిమ ఆగింది, కరకర కూడా చాలావరకూ పోయింది. గిటార్ కొనే డబ్బులో కొంత మిగిల్చి ముందు ఈ పని చేయించండని ప్రతి సంఘానికీ చెబుతున్నాను.

సముద్రపు గాలి నరసాపురం నుంచి మాదాకా వస్తుంది. మామూలు నికెల్ పూత తీగలు నాకు మూడు వారాల్లో నల్లబడతాయి. సన్నని రక్షణ పొర ఉన్న తీగలకు ధర ఎక్కువైనా రెండు మూడు నెలలు నిలుస్తున్నాయి, కాబట్టి చివరికి అవే చవక. బ్రిడ్జ్ మరల మీద తుప్పు రాకుండా వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడిచి, నెలకొకసారి కుట్టుమిషను నూనె ఒక చుక్క అగ్గిపుల్లతో పెడుతున్నాను. బాడీకి పాలీయురథేన్ పాలిషు ఉండడం ఇక్కడ మంచిదే. ఖరీదైన గిటార్లకు వేసే నైట్రోసెల్యులోజ్ లక్క పలుచగా, అందంగా ఉంటుంది గాని చెమటకు, వేడికి, రబ్బరు స్టాండుకు తట్టుకోదు.

లోటు లేదని అనను. బ్రిడ్జ్‌కు ఉన్న ట్రెమొలో చేతిని (నొక్కితే శ్రుతి కదిలే కడ్డీని) సుతారంగా ఊపేవారికి ఇది చాలు. గట్టిగా నొక్కి వదిలేవారికి శ్రుతి నిలవాలంటే తీగను బిగించి పట్టే లాకింగ్ కీలు ఉండాలి, అవి 112విలో లేవు, పై శ్రేణి 612లో ఉన్నాయి. నేను ట్రెమొలోను వెనక స్ప్రింగులు బిగించి బాడీకి ఆనించేశాను, దాని అవసరం నాకు లేదు. అలాగే తలకట్టు దగ్గరి నట్ (తీగలు ఆనే గాడులున్న చిన్న ముక్క) ప్లాస్టిక్‌ది కాకుండా ఎముకది కావాలనిపించి, భీమవరంలో వాద్యాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన గేదె ఎముక ముక్క తీసుకుని, ఉప్పుకాగితం మీద రుద్ది, ఆరు గాడులను సన్న ఆకురాయితో ఒక్కొక్కటే దించుతూ, ప్రతి రెండు గీతలకూ తీగ వేసి మీటి, మళ్లీ తీసి, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ వరకూ కూర్చున్నారు. తెరిచిన (వేలితో నొక్కని) తీగల నాదంలో వచ్చిన తేటదనం విన్నవారందరికీ తెలిసింది.

ఇదే వరుసలో మరికొన్ని ఉన్నాయి. ఫెండర్ వారి స్క్వైర్ అఫినిటీ గిటార్లు పాప్లర్ బాడీతో వస్తాయి; అవీ మరల నెక్ గిటార్లే కాబట్టి ఇదే తర్కం వాటికీ వర్తిస్తుంది. కొరియాకు చెందిన కోర్ట్ తన ఇండోనేషియా కర్మాగారంలో ఎన్నో పెద్ద కంపెనీల గిటార్లు కూడా చేసిపెడుతుంది, ఆ చేతిపని దాని సొంత గిటార్లలో కనిపిస్తుంది. ఐబానెజ్ ఆర్‌జీ శ్రేణిలో సన్నని నెక్, వేగం కోరుకునేవారికి బాగుంటుంది. కానీ గాలిలో తేలే రకం బ్రిడ్జ్ ఉన్న మోడల్‌ను మాత్రం డెల్టాలో మొదటి గిటార్‌గా కొనవద్దు. స్ప్రింగుల లాగుడుకూ తీగల లాగుడుకూ మధ్య అది తూకంలా నిలబడుతుంది. నెక్ కొంచెం కదిలితే తూకం తప్పి ఆరు తీగలూ ఒకేసారి శ్రుతి వదిలేస్తాయి. వానాకాలంలో అది ఆరాధన మొదలయ్యే ముందు పావుగంట తినేస్తుంది.

కొనేటప్పుడు ఆన్‌లైన్‌లో పెట్టెలో తెప్పించుకోవడం కంటే విజయవాడకో, విశాఖకో వెళ్లి చేతిలోకి తీసుకుని చూడడం నయం. నెక్‌ను కంటి ఎత్తుకు ఎత్తి రెండు అంచులూ సమాంతరంగా పోతున్నాయో లేదో చూడాలి, అరచేతిని ఫ్రెట్ల కొసల మీద పైనుంచి కిందికి జార్చాలి, ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ దగ్గరా ఒకసారి మీటాలి. అమెరికాలో తయారైన స్ట్రాటోకాస్టర్ ధరలో 112వి నాలుగో వంతు కూడా ఉండదు, ఒకే మోడల్‌లోనూ ఒక గిటార్‌కూ ఇంకోదానికీ తేడా ఉంటుంది. దుకాణంలో రెండు మూడు ఉంటే అన్నీ తీయించి చూడడానికి మొహమాటపడనక్కర్లేదు.

మా బృందంలో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి కిందటి ఏడాది నుంచి నా దగ్గర నేర్చుకుంటోంది. నట్ దగ్గర 41 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే ఉండడం వల్ల ఆమె చిన్న చేతికి బార్ కార్డులు (ఒకే వేలిని తీగలన్నిటి మీదా అడ్డంగా నొక్కి వాయించేవి) త్వరగా పట్టుబడ్డాయి. ఈ ఫిబ్రవరిలో ట్రస్ రాడ్ తిప్పవలసి వచ్చినప్పుడు హెక్స్ కీ ఆమె చేతికే ఇచ్చాను. ఆమె పావు చుట్టు తిప్పి, అదే పాత శుభలేఖ అట్టను సందులో దూర్చి చూసి, "ఒరుసుకుంటోంది అంకుల్" అంది.